పటంలో లేని బోర్లు

వెబ్‌పేజీలు తయారుచేసేవాని భయాలు సాధారణంగా చిన్నవి. పేజీ తెరుచుకోదేమో, అక్షరాలు గళ్ళుగళ్ళుగా కనబడతాయేమో, ఎక్కడో ఒక కుండలీకరణం మూయడం మరిచిపోయానేమో అనేవే. బతుకంతా ప్రబంధాలూ వ్యాకరణమూ పాఠం చెప్పి, ఉద్యోగం నుంచి దిగినాక ఈ విద్య పట్టుకొన్నవాణ్ణి నేను. పద్యంలో యతి తప్పితే చెవి ముడుచుకొంటుంది. కోడ్‌లో కుండలీకరణం తప్పితే తెర తెల్లబోతుంది. రెంటినీ కూర్చుని దిద్దుకోవచ్చు. దిద్దుకొనేందుకు వ్యవధి ఇవ్వని తప్పు కూడా ఈ పనిలో ఉంటుందని పోయిన వేసవిలో తెలిసింది.

ఆనాటి ఉదయం అనంతపురంలో మా ఇంటి వరండాలో కూర్చుని, ఒక కల్యాణమంటపం పేజీకి రంగులు సరిచూస్తున్నాను. యజమాని గులాబీరంగు కావాలన్నాడు. ఏ గులాబీ అన్నది ఆయనకే తెలియదు. ఇంతలో ఊరినుంచి తమ్ముడు ఫోన్ చేశాడు.

"అన్నా, బోరు లారీ వచ్చినాది. నీ మ్యాపు సూసే పాయింటు పెట్టుకున్నా. నువ్వొచ్చి టెంకాయ కొట్టాల."

అతని గొంతులో పండగ ఉంది. నేను కాఫీగ్లాసు కింద పెట్టి చెప్పులు వేసుకొన్నాను.

గార్లదిన్నె అవతల మా ఊళ్ళో తమ్మునికి చీనీతోట, అంటే బత్తాయితోట, ఉంది. పాత బోరులో నీరు సన్నగిల్లి, చెట్లు ఆకులు ముడుచుకొని నిలిచాయి. వేసవి గడిచేదాకా చెట్లకు ట్యాంకరు నీళ్ళు పోయించడానికి సరిపడా సొమ్ము అతడు కూడబెట్టుకొన్నాడు. అది ట్యాంకర్లకైనా చాలుతుంది, కొత్త బోరుకైనా చాలుతుంది. రెంటికీ చాలదు. బోరులో నీళ్ళు పడక వట్టి దుమ్ము లేస్తే, కాపు మీదున్న చెట్లు కళ్ళముందే కట్టెలైపోతాయి. ఆ పందేన్ని అతడు నా పటాన్ని నమ్మి ఒడ్డాడు.

పటం సంగతి చెప్పాలి. అంతకు ముందటి శీతకాలంలో మా ఊరి చుట్టుపక్కల బోర్లన్నిటినీ ఒక పేజీలోకి ఎక్కించాను. ఎవరి చేలో ఎంత లోతున నీళ్ళు పడ్డాయో తెలిస్తే పదిమందికీ పనికివస్తుందని నా ఊహ. ఇల్లిల్లూ తిరిగి అడిగాను. నీళ్ళు పడినవాళ్ళు కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, ఎన్ని రాడ్లు దిగాయో, ఏ వేళకు గంగమ్మ పైకి లేచిందో వర్ణించారు. పడనివాళ్ళు మాట మార్చారు. మా వైపు ఎండిన బోరు నోటిమీద రాయి పెడతారు, దాని ఊసెత్తరు. ఎత్తితే ఆ గాలి తరువాతి బోరుకు తగులుతుందంటారు. చెప్పినదే నేను ఎక్కించాను. నీళ్ళు పడినచోట నీలిచుక్క, దాని పక్కన లోతు. తక్కినదంతా ఖాళీ.

తాళపత్రంలో పురుగు తిన్నచోట ఇక్కడ గ్రంథపాతం అని రాసిపెట్టడం నా చదువు నాకు నేర్పిన మొదటి మర్యాద. పోయినది పోయినట్టు కనబడాలి. ఆ మర్యాద తెరమీద నాకు గుర్తు రాలేదు. చూసేవానికి ఆ పటంలో మా మెట్టనేల పాతాళగంగమీద తేలుతున్నట్టుండేది. ఈ సంగతి నాకు స్పష్టంగా తట్టింది ఆ ఉదయం, బస్సులో, కిటికీ పక్కన ఎర్రటి చేలు వెనక్కి పోతున్నప్పుడు. ఫోన్ మీద ఫోన్ చేశాను. తమ్ముడు ఎత్తలేదు. బస్సు ఆగినచోటల్లా మళ్ళీ చేశాను.

నేను చేరేసరికి లారీ చేలో కాళ్ళు దించి నిలబడి ఉంది. పసుపు, కుంకుమ, ఊదుబత్తీలు సిద్ధం. తమ్ముణ్ణి పక్కకు పిలిచాను.

"ఆ పటంలో నీళ్ళు పడినవే ఉన్నాయిరా. పడనివి లేవు."

"పడనివి మనకెందుకన్నా? పడినవి సూసుకోనే గదా వేసుకునేది."

"మధ్యలో ఎన్ని ఎండినాయో నాకు తెలీదు. నీకు తెలుసా?"

"టెంకాయ పట్టుకోని నీళ్ళు సూసేటోడు ఈడనే అన్న్యాడు. నీ మ్యాపూ ఈడనే అంటాంది. ఇంగ నువ్వొక్కనివే కాదంటాండావు." నవ్వాడు. "నువ్వు పద్యాలు చెప్పినన్నాళ్ళూ ఊర్లో ఒక్కడూ ఇన్లేదు. కంప్యూటర్లో చెప్తే నమ్మినారు. నమ్మితే భయపడతావేమప్పా!"

మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నా ముఖంలోకి చూసింది. "బావా, నీకు అనుమానముంటే ఇప్పుడే గట్టిగా చెప్పు. ఆయన ఇంటాడు."

గట్టిగా చెప్పడానికి నా దగ్గర ఏముంది? ఎండిన బోర్ల లెక్క నాకు ఎవరూ చెప్పలేదు. నీళ్ళు లేవనడానికీ ఆధారం లేదు. "ఇంకొక్క వారం ఆగుదాం" అన్నాను. లారీ మళ్ళీ దొరకదన్నాడు తమ్ముడు. టెంకాయ అతడే కొట్టాడు.

యంత్రం అరుపుకు నేల అదిరింది. ముందు ఎర్రమట్టి, ఆ తరువాత తెల్లటి రాతిపిండి. అది గాలిలో లేచి చీనీ ఆకులమీదా మా కనుబొమ్మలమీదా పడింది. ఒకచోట పిండి కాస్త చెమ్మగా వచ్చింది. మరదలు గుప్పిట్లోకి తీసుకొని నొక్కి చూసింది, ముద్ద కట్టింది. నేనూ వంగి చూశాను. మరి కొన్ని రాడ్లు దిగాక మళ్ళీ పొడిపిండే. లారీవాడు ఇంకా దించాలా అని సైగ చేశాడు. తమ్ముడు జేబులోంచి ఫోన్ తీసి నా పటం తెరిచాడు.

"పక్క సుక్క ఇంకా లోతుండాది. దించు!"

నా పేజీ అతణ్ణి చేయిపట్టి కిందికి తీసుకుపోతూ ఉంది. వద్దని అరిచాను, నా గొంతు నాకే వినబడలేదు.

చాలాసేపటికి తమ్ముడే చెయ్యెత్తాడు. యంత్రం ఆగింది. నీళ్ళ జాడ లేదు. మరదలు గట్టుమీద కూర్చుండిపోయింది. తమ్ముడు ఒక బండరాయి దొర్లించుకొచ్చి బోరునోటిమీద పెట్టి, చేతులు దులుపుకొన్నాడు.

"అన్నా, ఒక మాట. దీన్ని మాత్రం నీ మ్యాపులో ఎక్కించొద్దు."

"ఎందుకురా?"

"ఎండిన బోరోడని పేరొస్తాది. ఎవురికీ కనపడగూడదు."

అప్పటికే పక్క చేని రైతు గట్టు దాటి లారీవాని దగ్గర నిలబడి ఫోన్‌లో నా పటం చూపిస్తున్నాడు. ఆయనదీ చీనీతోటే, అదీ ఎండుతున్నదే. "మాది రెండు సుక్కల నడుమ ఉండాది. ఈనికి అదృష్టం ల్యాకపాయె. ఈడ్నుంచి అట్లే మా చేనికి తిప్పప్పా."

లారీ ఇంజను మోగింది. నేను ఫోన్ తీశాను. పటంలో ఒక చుక్క పెట్టడం చిటికె వేసినంత పని. ఎన్నో పేజీలు క్షణంలో మార్చిన వేలు ఆనాడు ఆ ఫోన్ అద్దంమీద దిగనంది. ఎదురుగా తమ్ముడు నన్నే చూస్తున్నాడు. అతని తోట పోయింది. ఇక మిగిలిన పరువు నా వేలికింద ఉంది.

నొక్కాను. నల్లచుక్క పడింది. తమ్ముడు చెట్లలోకి నడిచిపోయాడు.

"అయ్యవారూ," అని పక్క చేని రైతు కేకేశాడు, "ఏంది సామీ ఈ నల్ల సుక్క? ఇప్పటిదాకా లేకపాయె గదా. కంప్యూటరు చెడిపోయినాదా?"

 చెట్లమధ్యనుంచి, వెనుదిరగకుండానే, తమ్ముడు పలికాడు. "చెడిపోల్యా మామా. అది నాది. దుమ్ము."

ఆయన లారీవైపు చూశాడు, తన తోటవైపు చూశాడు. ఇంజను ఆపమని లారీవానికి చేయి ఊపి, నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"మా చేన్లో మూడుండాయి సామీ, రాళ్ళకింద. ఎక్కించుకో. ఊర్లో మాత్రం ఎవురికీ చెప్పొద్దు."

ఊరంతా చూసే పటం అది. నవ్వు రావలసిన మాటే, రాలేదు. మూడు చుక్కలూ ఎక్కించి తల ఎత్తాను. తమ్ముడు ఇంకా చెట్లలోనే ఉన్నాడు, ఒక చీనీకొమ్మ పట్టుకొని, ఆకుమీది రాతిపిండిని బొటనవేలితో తుడుస్తూ. అతని దగ్గరికి పోవాలి. ఆ కొద్దిపాటి దూరం నడవడానికి నాకు భయమేసింది.