జల్లెడ అనుకున్నది

కార్బురేటర్ ఉన్న పాత కార్లు మా వైపు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటి కింద ఏముందో నడిపేవాళ్లలో చాలామందికి తెలియదు. అందుకే ఇది రాసి పెడుతున్నాను. నా చదువు పదో తరగతితో ఆగినా, రసాయనశాస్త్రాన్ని మదనపల్లె లైబ్రరీలో కూర్చుని సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. అయినా ఆ రోజు నా చదువు పనికిరాలేదు.

నా భార్యకు ఉబ్బసం. రాత్రంతా ఊపిరందక కూర్చునే ఉంది. పొద్దున్నే కుప్పంలో ఆమెను ఎప్పుడూ చూసే డాక్టరు దగ్గరికి బయలుదేరాం. పుంగనూరు చేరేసరికి కారు చచ్చుబడింది. ఎంత తొక్కినా లాగదు. కాళ్ల కింద రేకు కాలిపోతోంది.

అక్కడి మెకానిక్ కారు కిందికి దూరి పొగగొట్టం మధ్యనున్న డబ్బాను స్పానరుతో తట్టాడు. లోపల ముక్కలు గలగలమన్నాయి.

"జల్లెడ మూసుకపోయిండాదప్పా. తీసేసి పైపు ఏస్తే సాలు."

మా వైపు మెకానిక్‌లందరూ దాన్ని జల్లెడే అంటారు.

"అది జల్లెడ కాదప్పా, ఉత్ప్రేరకం" అన్నాను. "పొగను వడగట్టదు. దాంట్లోని విషాన్ని మారుస్తుంది. తీయడం చట్టం ఒప్పదు కూడా."

"పేరు బాగుండాది. బండే కదల్లేదు."

నా భార్య సీట్లోంచే అంది: "జల్లెడే గదా, తీపిచ్చేయండి. డాక్టరు ఎల్లిపోతాడు."

ఆమె రొమ్ము ఎగిరెగిరి పడుతోంది. సరే అన్నాను.

తుప్పు పట్టిన బోల్టులను మంటతో ఎర్రగా కాల్చి విప్పాడు. డబ్బా వంచితే, తేనెపట్టులా ఉండాల్సిన గదులు కరిగి ముద్దలై రాలాయి. కార్బురేటర్ అవసరానికి మించి పెట్రోలు పోస్తోంది. కాలకుండా మిగిలింది ఇక్కడికొచ్చి మండి, దీన్ని కరిగించింది.

"ముందు కార్బురేటర్ సూడప్పా" అన్నాను.

"దానికి సగం దినం పడతాది. వచ్చేటప్పుడు రా."

కారు హాయిగా పరుగెత్తింది. పలమనేరు దాటాక ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. అద్దాలు దించాను. పొగ ఘాటు తగ్గలేదు. పాత కారు, అడుగు రేకులో తూట్లున్నాయి.

"ఆపండి."

బైరెడ్డిపల్లె దగ్గర దిగి, రోడ్డు పక్కన వంగి దగ్గింది. దగ్గు ఆగాక కారు వైపు చూసి, "జల్లెడంటే దుమ్ము పట్టేదేమో అనుకుంటిని" అంది.

కుప్పం బస్సొచ్చింది. ఆమె ఎక్కింది. కారును అక్కడే వదిలి నేనూ ఎక్కాను. డాక్టరు మందుగాలి పట్టించాక ఆమె పెదాలకు రంగొచ్చింది. ఇంకొంచెం ఆలస్యమైతే ఏమయ్యేదో ఆయన చెప్పబోతే, వద్దన్నాను.

ఆ కారుకు సరిపడే కొత్త డబ్బా ఎక్కడా దొరకలేదు. ఇప్పుడు కుప్పానికి బస్సులోనే వెళ్తున్నాం.

మాకు సాయపడ్డవాళ్లు పేర్లు రాస్తే ఒప్పుకోరు. ఆ రోజు లేచి కిటికీ పక్క సీటిచ్చిన గొర్రెల వ్యాపారికి, ఆమె దగ్గుతుంటే బస్సు నెమ్మదిగా పోనిచ్చిన డ్రైవరుకు, ఆ డాక్టరుకు నా నమస్కారం. మెకానిక్‌కు కూడా. ఆయన బండిని బాగుచేశాడు.