కాశీలో వదిలిన కాఫీ

కాశీకి పోయినవాళ్లు ఇష్టమైనదేదో ఒకటి అక్కడ వదిలేసి రావాలి. ఒక కాయ, ఒక పండు. మళ్లీ ఈ జన్మలో వాటిని ముట్టకూడదు. నేను పొట్లకాయ వదిలేశాను. బుద్ధెరిగినప్పటి నుంచి పొట్లకాయను నేను నోట్లో పెట్టింది లేదు. పండ్లలో వెలగపండు వదిలేశాను, అది మా ఇంటి గడప తొక్కి ఎరగదు. నాలుగు తరాలుగా వరంగల్ బజార్లో దుకాణం నడుపుతున్న ఇంటివాణ్ణి. గంగ ఒడ్డున మాత్రం నష్టానికి ఎందుకు అమ్ముతాను?

నా భార్య కాఫీ వదిలేసింది.

మా నాయన అస్థికలు కలపడానికి పోయాం అప్పుడు. పద్దెనిమిదేళ్లయింది. కర్మ చేయించిన పంతులుగారు తెలుగాయనే. "అమ్మా, కాఫీ లెక్కలోకి రాదు, కాకరకాయ వదిలెయ్యి" అన్నాడు. ఈమె మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, "కాకరకాయ నాకు ఇష్టమే లేదు పంతులుగారూ, ఇష్టం లేనిదాన్ని వదులుడేంది?" అంది. నేను అవతల పడవల వైపు చూశాను. ఆమె కళ్లు మూసుకుని చాలాసేపు ఏదో కోరుకుంది. తరువాత మూడు మునకలు మునిగింది.

కాఫీ ఆమెకు ఎంత ఇష్టమో చెప్పాలి. ఆమెది డోర్నకల్. నాన్న రైల్వేలో పనిచేసేవాడు. డ్యూటీ దిగి వస్తూ స్టేషన్ క్యాంటీన్ నుంచి ఫ్లాస్కులో కాఫీ తెచ్చేవాడట. మా ఇంట్లో అందరిదీ చాయే. పెళ్లై వచ్చిన కొత్తలో ఆమె ఒక్కదాని కోసం కాఫీపొడి డబ్బా విడిగా పెట్టుకుంటే, మా అమ్మ "మద్రాసు కోడలొచ్చింది" అని ఏడిపించేది. అలాంటి మనిషి కాశీ నుంచి వచ్చిన మర్నాడు ఆ డబ్బా కడిగి ఎండబెట్టి, అందులో మెంతులు పోసింది. పెళ్లిళ్లలో కాఫీ గ్లాసులు పళ్లెంలో పెట్టుకుని వస్తే చేయి అడ్డం పెట్టేది. కానీ పళ్లెం దాటిపోయేదాకా మాట్లాడటం ఆపేది. నేను చూసేవాణ్ణి.

ఏం కోరుకున్నావని రైల్లోనే అడిగాను. "పెద్ద పనే ఉంది" అని నవ్వి ఊరుకుంది. తరువాత మా బిడ్డకు మంచి సంబంధం కుదిరి హనుమకొండలోనే అత్తగారిల్లు దొరికితే, "ఇదేనా?" అన్నాను. కాదంది. నా గుండెకు స్టెంట్లు వేసి, నేను నడుచుకుంటూ దవాఖాన నుంచి ఇంటికొచ్చిన రోజు, ఇదే అయ్యుంటుందనుకున్నాను. అదీ కాదంది. అది మా ఇద్దరి మధ్య ఒక ఆట అయిపోయింది. ఏ మంచి జరిగినా నేను అడగడం, ఆమె తల అడ్డంగా ఊపడం.

రెండేళ్ల కింద ఆమె చాయలో ఉప్పు వేసింది. నేను నవ్వాను, చెడ్డపనే చేశాను. ఆ తరువాత చౌరస్తా నుంచి ఇంటికి వచ్చే దారిలో, ముప్ఫై ఏళ్లుగా నడిచిన దారిలో, ఎడమకు తిరగాల్సిన చోట నిలబడిపోయింది. తెలిసిన పూలామె చేయి పట్టుకుని తీసుకొచ్చింది. హైదరాబాద్‌లో పెద్ద డాక్టర్‌కు చూపించాం. ఆయన ఆమెను వరసగా ప్రశ్నలు అడిగి, నన్ను చూపించి, "ఈయన పేరేంటమ్మా?" అన్నాడు. ఈమె తల దించుకుని కొంగు వేలికి చుట్టుకుంది. ఎంత అడిగినా చెప్పలేదు. డాక్టర్ కాగితం మీద తప్పు గుర్తు పెట్టాడు. నాకు కోపం వచ్చింది. మా ఇళ్లల్లో ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో అనరు సార్, ఆ గుర్తు కొట్టేయండి అన్నాను. ఆయన కొట్టేశాడు. అయితే ఒప్పు గుర్తు కూడా పెట్టలేదు. ఆమెకు నా పేరు తెలిసి చెప్పలేదో, తెలియక చెప్పలేదో నాకూ తెలియదు. ఆ అనుమానం ఆ రోజు నా వెంట ఇంటికి వచ్చింది.

ఆ డాక్టరే చెప్పాడు, ఇటీవలి సంగతులు ముందు పోతాయి, చిన్ననాటివి చివరిదాకా ఉంటాయని. మా దుకాణం భాషలో చెప్పాలంటే, నిన్న వచ్చిన సరుకు ముందు పోతుంది, అడుగున ఉన్న పాత సరుకు మిగులుతుంది. ఎక్కడికైనా తిప్పాలనుకుంటే ఇప్పుడే తిప్పండి అన్నాడు.

"ఎటన్న పోదామంటే దుకాణం అడ్డం" అని నన్ను ముప్ఫై నాలుగేళ్లు దెప్పిన మనిషి. నేను దుకాణం మూసి మలేషియాకు టికెట్లు కొన్నాను. "అమ్మను పట్టుకొని అంత దూరం ఎట్ల తిరుగుతవ్ నాయినా?" అని మా బిడ్డ ఏడ్చింది. తోటి వ్యాపారి ఒకాయన ఇపో అనే ఊరి గురించి చెప్పాడు. రద్దీ ఉండదు, చుట్టూ మన హనుమకొండ గుట్టల్లాగా గుట్టలుంటాయి, తమిళుల హోటళ్లున్నాయి కాబట్టి శాకాహారులు ఆకలితో చావరు అని. అక్కడికే పోయాం.

మొదటి రోజు హోటల్ గదిలో నేను రైస్ కుక్కర్ తీశాను. సకినాలు, పల్లీల పొడి, మామిడికాయ తొక్కు, అన్నీ మంచం మీద పరిచాను. ఆమె వాటిని చూసి, "ఇంత దూరమొచ్చి సకినాలేనా? బయట ఏమేమో వాసనలొస్తాన్నయి" అంది. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇది నా పాత భార్య.

ఇక తిరిగాం. పాత ఊళ్లో ఒక చోట సోయా పాలతో చేసే తెల్లటి మెత్తటి పదార్థం, మీద చక్కెర పాకం పోసి గిన్నెలో పెట్టారు. ఆమె రెండు చెంచాలు తిని, "జున్నే ఇది. ఎవరి బర్రె ఈనింది?" అని అమ్మేవాణ్ణి అడిగింది. వాడికి ఒక్క ముక్క అర్థం కాక ఇంకో చెంచా పాకం పోశాడు. వేయించిన పల్లీలు, బఠానీలు, మురుకులు జాడీల్లో పెట్టి అమ్మే వీధికి పోయాం. అక్కడ మురుకు కొరికి, వాము తక్కువైందని తీర్పు చెప్పింది. దారి పక్కన పంపరపనస పండ్లు గుట్టలుగా పోసి అమ్ముతుంటే, ఒకటి ఒలిపించుకుని తొనలు నా చేతిలో పెట్టింది. ఆ రెండు పూటలూ జబ్బు అబద్ధం, డాక్టర్ అబద్ధం అనిపించింది.

రెండో రోజు పొద్దున ఒక పాత కాఫీ దుకాణంలోకి వెళ్లాం. చీనావాళ్లది. పైన పాలరాతి పలక ఉన్న గుండ్రటి బల్లలు, నెమ్మదిగా తిరిగే ఫ్యాన్లు. అందరి ముందూ రొట్టె ముక్కలు, వాటి మీద కొబ్బరితో చేసిన తీపి పూత. అందులో గుడ్డు కలుపుతారని ఎవరో చెప్పి ఉన్నారు. నేను కౌంటర్ దగ్గరికి వెళ్లి, గల్లా ముందున్న ముసలామెను నా వచ్చీరాని ఇంగ్లిష్‌లో గుడ్డు ఉందా లేదా అని నిలదీశాను. ఉందంది. వెన్న మాత్రం రాసి ఇమ్మని, ఆ చాకుతో గుడ్డు పూత ముట్టుకోవద్దని, వేరే చాకు వాడమని, ఆమె ప్రాణం తోడేశాను. నా ఇల్లాలి నిష్ఠ కాపాడుతున్నాననే అనుకున్నాను.

తిరిగి వచ్చేసరికి ఆమె చేతిలో కప్పు ఉంది. సగం అయిపోయింది. పై పెదవి మీద నురగ. వడ్డించే మనిషి అందరికీ పెట్టినట్టే మా బల్ల మీదా రెండు కాఫీలు పెట్టిపోయాడు.

"నాన్న తెచ్చే కాఫీ లెక్కనే ఉన్నది. ఇగో, మీరు సుత తాగుండ్రి" అంది. ఆ ముఖంలో అంత సంతోషం నేను చూసి ఎన్నేళ్లయిందో.

నేను ఏం చేయాలి? చేయకూడని పనే చేశాను. కప్పు మీద చేయి పెట్టి, "నువ్వు కాఫీ తాగవు గదనే" అన్నాను.

"నేనెందుకు తాగను?"

"కాశీల ఇడిశిపెట్టినవ్."

ఆమె నన్నూ కప్పునూ మార్చి మార్చి చూసింది. కాశీ గుర్తు రాలేదు. కానీ ఏదో తప్పు జరిగిందని మాత్రం తెలిసింది. కప్పు వదిలేసింది. కొంగుతో పెదవులు గట్టిగా తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది. "నేను తప్పు జేసిన్నా? ఎవలకన్న ఏమన్న అయితదా?" అని చిన్నపిల్ల లెక్క ఏడ్చింది. లేచి వెళ్లి నీళ్లతో నోరు పుక్కిలించింది. ఆ ముసలామె నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. నా నోరు పడిపోయినా బాగుండేదనిపించింది. పద్దెనిమిదేళ్లు ఒక్క చుక్క ముట్టకుండా నెగ్గిన మనిషిని, ఆ నెగ్గినది కూడా గుర్తులేని రోజున, దొంగను పట్టుకున్నట్టు పట్టుకున్నాను.

గంట గడవలేదు. వీధి మలుపులో ఇంకో కాఫీ దుకాణం నుంచి పొడి వేయించే వాసన వచ్చింది. ఆమె ఆగింది. "జర కాఫీ తాగుదామా? ఎంత మంచి వాసనొస్తాంది" అంది. పొద్దున జరిగింది ఏదీ లేదు. ఏడుపూ లేదు.

ఈసారి నేను కుర్చీ లాగి కూర్చోబెట్టాను. పాపం పుణ్యం ఏమైనా ఉంటే నా పేరున రాసుకో అని దేవుడితో అన్నాను. పొట్లకాయ వదిలినవాడి మాట ఆయన వింటాడని నమ్మకం లేదు, అయినా అన్నాను.

ఆ తరువాత మూడు రోజులు మేం చేసింది ఇదే. కొత్త కాఫీ దుకాణం కనిపిస్తే కూర్చోవడం. అక్కడ తెల్ల కాఫీ అంటారు, గింజలను వెన్నలాంటిదేసి వేయించి, చిక్కటి తీపి పాలతో ఇస్తారు. ప్రతి చోటా ఆమె మొదటి గుక్క తాగి, "నాన్న తెచ్చే కాఫీ లెక్కనే ఉన్నది" అనేది. ప్రతిసారీ అది ఆమెకు కొత్త మాటే. నేను ప్రతిసారీ "అవునా" అనేవాణ్ణి. మా బిడ్డ ఫోన్ చేస్తే, అమ్మ బాగా తింటోందని మాత్రం చెప్పాను, కాఫీ సంగతి చెప్పలేదు.

ఒక్కటి మాత్రం నన్ను తొలిచింది. ఆమె కోరిక ఏమిటో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. ఆమె దాన్ని కూడా మరిచిపోతే, అంత ఖరీదు పెట్టి కొన్నది ఏమిటో ఇక ఎప్పటికీ తెలియదు. ఇప్పుడే అడగాలి. అడగాలంటే భయం.

చివరి రోజు పొద్దున మళ్లీ ఆ మొదటి దుకాణానికే వెళ్లాం. వాన పడుతోంది. ఆమె కప్పు రెండు చేతులతో పట్టుకుని తాగుతోంది. నేను మెల్లగా, భయపెట్టకుండా అడిగాను.

"కాశీల గంగల నిలబడి ఏమో మొక్కుకున్నవ్. యాదికున్నదా?"

ఆమె నన్ను చాలాసేపు చూసింది. చుట్టూ చూసింది. బల్ల మీదికి వంగి గొంతు తగ్గించింది.

"ఉన్నది. గని ఎవ్వలకు చెప్పద్దు. చెప్తే ఫలించదంటరు."

"నాకు సుత చెప్పవా?"

"మా ఆయనకే చెప్పలే." కాస్త ఆలోచించింది. "మీకు జెప్తే ఏమైతదిలే అన్నా. మీరు పై ఊరోళ్లు."

ముప్ఫై నాలుగేళ్లలో ఆమె నన్ను 'ఇగో' అనే పిలిచింది. 'అన్నా' అని బజార్లో ఎవరినైనా పిలుస్తారు. నా చేతిలో రొట్టె ముక్క ఉంది, దాన్ని పళ్లెంలో పెట్టాను. లేచి నేనే నీ మొగుణ్ణి అని అరవాలనిపించింది. అరిస్తే చెప్పదు. ఊరుకున్నాను.

"మా ఆయనకు గుండెల నొస్తది" అంది. "నాకు చెప్పడు. నేను అటు తిరిగినప్పుడు రొమ్ము రాసుకుంటడు, నాకు తెల్వదనుకుంటడు. ఆయన పోయినంక నేనుండి ఏం జెయ్యాలె? అందుకే గంగమ్మకు మొక్కిన. ఆయన కంటె ముందుగాల నన్నే తీస్కపో తల్లీ అన్న. వట్టిగ అడిగితే ఇస్తదా? కాఫీ ఇడిశిపెట్టిన."

ఇదీ ఆమె పెద్ద పని. ఇన్నేళ్లు 'ఇదేనా' అని నేను అడిగింది, 'కాదు' అని ఆమె నవ్వింది దీని గురించి. మంచి జరిగినప్పుడల్లా అడిగాను. అడగాల్సింది ఇప్పుడు. చాయలో ఉప్పు పడ్డ రోజు నుంచి గంగమ్మ మాట నిలబెట్టుకుంటూనే ఉంది. ముందుగా ఆమెనే తీసుకుపోతోంది, రోజుకు ఇంత. నేను గట్టిగా ఉన్నాను, స్టెంట్లతో, రెండు పూటలా నడకతో, అన్నీ గుర్తుపెట్టుకుని.

నాకు అలాంటి నమ్మకాలు తక్కువే. కానీ ఆ క్షణంలో నమ్మాను, నమ్మి బేరానికి దిగాను. చెప్తే ఫలించదని ఆమే అంది. చెప్పింది. వదిలినదాన్ని తాగింది, ఒకసారి కాదు, పది పన్నెండు సార్లు. అయితే ఈ మొక్కు చెల్లదు. చెల్లకూడదు. గంగమ్మ తీసుకున్నదంతా తిరిగి ఇవ్వాలి.

కౌంటర్ దగ్గరికి పోయి ఇంకో కాఫీ చెప్పాను. కళ్లు తుడుచుకుని, కప్పు నేనే తెచ్చి ఆమె ముందు పెట్టాను.

"మీకెందుకన్నా తిప్పలు" అంది, మొహమాటంగా కప్పును కొంచెం నా వైపు జరిపి. "మా ఆయన ఇప్పుడే వస్తడు. ఆయన తెస్తడు."

"ఆయనే ఇచ్చి రమ్మన్నడమ్మా. తాగు" అన్నాను.

ఆయన మాటగా చెప్పేసరికి ఆమె ఇక అడ్డు చెప్పలేదు. కప్పు దగ్గరికి తీసుకుని, సగం తాగి, మిగతా సగం మీద సాసరు మూతపెట్టి ఆయన కోసం పక్కన ఉంచింది.