కట్టుడు పళ్లకు క్లిప్పులు

కోర్డింగ్‌ను ఊళ్లో అందరూ మర్యాదగా ఆలింగ్ కోర్డింగ్ అంటారు. ఆమె నోట ఎప్పుడూ ఒకటే మాట: "ఎలాగూ పోయేదే." చెప్పు తెగితే కుట్టించదు, ఎలాగూ పోయేదే. ఇంటి రేకు తుప్పుపడితే రంగు వేయించదు, ఎలాగూ పోయేదే. మొగుడు దగ్గుతున్నప్పుడు మాత్రం ఆ మాట నోటిదాకా వచ్చినా ఆపుకుంది, పాపం. అయినా ఆయన పోయాడు.

ఆ మాట ఆమె సొంతం కాదు. వెనకటికి ఒక ఎన్నికల ఏడాది, మేయరుగారు ఊరి బాస్కెట్‌బాల్ కోర్టులో ఉచిత పళ్ల శిబిరం పెట్టించినప్పుడు అంటుకుంది. శిబిరం అంటే వైద్యం అనుకునేరు! మా ఫిలిప్పీన్స్‌లో, బతాంగస్ పల్లెల్లో ఉచితం అంటే పీకడమే. పిప్పి పన్నుకు సిమెంటు పెట్టాలంటే ఓపిగ్గా కూర్చోవాలి. పీకడం చిటికెలో పని. ఓట్లన్నీ ఎండలో వరసగా నిలబడి ఉంటే ఎవడైనా ఏది చేస్తాడు? కోర్టు చుట్టూ మేయరుగారి బ్యానర్లు, ప్రతి బ్యానరులోనూ ముప్పై రెండు పళ్లూ బయటపెట్టి ఒకటే నవ్వు. ఆయన పళ్లు ఆయనకు భద్రంగా ఉన్నాయి మరి.

కోర్డింగ్‌కి చెడిపోయింది ముందు వరసలో ఒక్క పన్ను. అప్పటిదాకా లవంగం నొక్కిపెట్టింది, ఉప్పునీళ్లు పుక్కిలించింది, నొప్పి బిళ్లలు మింగింది. డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్లలేదు. ఎండలో మాడి మాడి చివరికి కుర్చీ ఎక్కేసరికి, మాస్కు వెనక నుంచి ఒక ఆడగొంతు తీరిగ్గా పలికింది.

"పక్క మూడూ నల్లబడుతున్నాయమ్మా. ఎలాగూ పోయేవే. తీసేద్దామా?"

కోర్డింగ్ తల తిప్పి వెనకున్న వరస చూసింది. ఇంతసేపు నిలబడి ఒక్కటే పీకించుకుని పోతే దండగ కదా అనిపించింది. "తీసెయ్యండి డాక్టరమ్మా, ఉచితమే కదా!" అంది. ఒక పన్ను కోసం వచ్చిన మనిషి నాలుగు వదిలేసి పోయింది. పైగా దారిపొడుగునా కనిపించిన వాళ్లందరికీ, లాటరీ తగిలినట్టు ఆ నెత్తుటి నోరు తెరిచి చూపించింది.

తర్వాత కట్టుడు పళ్లు వచ్చాయి. నాలుగు పళ్ల ప్లేటు, రెండు పక్కలా కోరపళ్లకు తగిలించే తీగ కొక్కేలు. అలాగే ఏళ్లు గడిచిపోయేవి, ఆమె కొడుకు రొదేలియో లీపా పట్నంలో పళ్ల డాక్టరు కూతుర్ని ప్రేమించకపోతే.

మా ఆచారం ప్రకారం మగపిల్లాడి వాళ్లే వంటకాలు మోసుకుని ఆడపిల్ల ఇంటికి వెళ్లి పిల్లనివ్వమని అడగాలి. రోజు ఖాయమైంది. కోర్డింగ్‌కి నిద్ర పట్టలేదు. వాళ్లు ఉన్నవాళ్లు, తనేమో బజారులో తీపి అప్పచ్చులు అమ్ముకునే మనిషి. కాదంటే కొడుకు ఏమైపోతాడు?

సలహా చెప్పడానికి సలూద్ ఉండనే ఉంది. రొదేలియోకి జ్ఞానస్నానం చేయించిన నాడు జ్ఞానతల్లిగా పక్కన నిలబడ్డ మనిషి, అప్పట్నుంచీ ఒకర్నొకరు "మారే" అనుకుంటారు.

"పళ్ల డాక్టరమ్మ ఇంటికి ఉత్త పళ్లతో పోతావా మారే? చూస్తే ఏమనుకుంటుంది?"

"ఏమనుకుంటుంది?"

"డబ్బులేని సంత అనుకుంటుంది. ఈ రోజుల్లో కాస్త ఉన్నవాళ్లంతా పళ్లకు క్లిప్పులు వేయించుకుని తిరుగుతున్నారు. వంకర లేకపోయినా సరే, తీగ కనపడాలి. అదీ లెక్క!"

"నావి కట్టుడు పళ్లే తల్లీ!"

"మరీ మంచిది. నొప్పుండదు."

బజారు మూల గోళ్లకు రంగులేసే పార్లరులో క్లిప్పులు కూడా అతికిస్తారు. గోళ్లు అతికించే జిగురే. పార్లరు పిల్ల ప్లేటు అందుకుని మురిసిపోయింది. "మిగతా వాళ్లు గంటసేపు నోరు తెరుచుకుని కూర్చోవాలి. మీరు అదృష్టవంతులు ఆంటీ. పళ్లు ఇక్కడ పెట్టేసి బజారు చేసుకు రండి." కోర్డింగ్ చేపలు కొనుక్కొచ్చేసరికి పళ్లకు తీగ, తీగ మీద గులాబీ రంగు రబ్బర్లు సిద్ధం.

ఆడపిల్ల తల్లి డాక్టర్ ఫెలిసిదాద్ ఇంటి మెట్లెక్కుతూనే కోర్డింగ్ పళ్లికిలించింది. డాక్టరమ్మ చూసింది. కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూసింది.

"క్లిప్పులెప్పుడు వేయించుకున్నారు?"

"ఏడాదవుతోంది. మనీలాలో. పళ్ల విషయంలో నేను అస్సలు రాజీపడను డాక్టరమ్మా."

రొదేలియోకి మంచినీళ్లు గొంతుకు అడ్డం పడ్డాయి.

ఏమీ తినకూడదని కోర్డింగ్ ముందే ఒట్టు పెట్టుకుంది. కానీ తను మోసుకొచ్చింది కలమాయ్: కొబ్బరిపాలలో, బెల్లంలో జిగురు బియ్యప్పిండి ఉడికించి, చేతులు పడిపోయేలా కలియబెట్టిన పాకం. ఆడపిల్ల తండ్రి పళ్లెం ఆమె ముందుకే తోశాడు. "మీ చేతి వంట మీరే ముందు తినాలి. మీరు ముట్టకపోతే మేమూ ముట్టం." ఇక తప్పేదేముంది? ఒక ముక్క కొరికింది. ముక్క ఆమెను కొరికింది. లాగితే రాలేదు, గట్టిగా లాగితే ప్లేటుతో సహా వచ్చింది. కలమాయ్‌లో దిగబడిన నాలుగు పళ్లు, గులాబీ రబ్బర్లతో సహా, సభకంతటికీ నవ్వుతూ కనిపించాయి.

రొదేలియో తల దించేసుకున్నాడు. సంబంధం తన చేతులతోనే చెడగొట్టుకున్నానని అనుకుంది కోర్డింగ్.

"కట్టుడు పళ్లకు క్లిప్పులా!" అని డాక్టరమ్మ కడుపు పట్టుకుని నవ్వింది, కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వింది. అలవాటు ఊరుకోనివ్వలేదేమో, లేచొచ్చి కోర్డింగ్ గడ్డం పైకెత్తి నోట్లోకి చూసింది. "కొక్కెం రాపిడికి ఈ కోరపన్ను కూడా కదిలిపోయింది. రూట్ కెనాల్ చేసి తొడుగు వేయొచ్చు గానీ... ఎలాగూ పోయేదే. తీసేద్దామా?"

కోర్డింగ్ గడ్డం విడిపించుకుని ఆమె మొహం వంక చూసింది. అదే గొంతు. మాస్కు ఒక్కటే తక్కువ.

"మీరేనా?" అంది. ముందు పళ్లు లేక మాట గాలిపోతోంది, అయినా ఆగలేదు. "మా ఊరి బాస్కెట్‌బాల్ కోర్టులో, మేయరు శిబిరంలో, నా నాలుగు పళ్లూ పీకింది మీరేనా?"

డాక్టరమ్మ నవ్వు టక్కున ఆగింది. "ఆ రోజు చాలామంది వచ్చారు. మొహాలు గుర్తుండవు."

"నేను మొహం చూపించలేదు తల్లీ, నోరు చూపించాను. చెడింది ఒక్కటే కదా?"

"మేయరు మా మేనమామ. ఎన్ని పళ్లు పీకారో సాయంత్రం మైకులో చెప్పుకోవాలన్నాడు." డాక్టరమ్మ గొంతు తగ్గింది. "ఆ మూడూ... సిమెంటు పెడితే నిలిచేవే."

కోర్డింగ్‌కి కోపం ముంచుకొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇన్నేళ్లూ ఆ మాటను నెత్తిన పెట్టుకుని ఊరేగింది తను. రెండూ దిగమింగి కొడుకు వంక చూసింది.

"ఒక్క పన్ను ఇద్దామని మీ దగ్గరికొస్తే నాలుగు ఉంచుకున్నారు. నేనేమన్నా అన్నానా? ఇవాళ ఒక్క పిల్లనే అడుగుతున్నా వదినగారూ."

డాక్టరమ్మ మొహం ఎర్రబడింది. "ముందు నోరు తెరవండి. ఈ పన్ను తీయను, బాగుచేస్తాను."

కోర్డింగ్ పెదాలు బిగించేసింది.

"అమ్మా, తెరువే," అన్నాడు రొదేలియో.

"పిల్లనిస్తానని చెప్పమను. అప్పుడు తెరుస్తా," అంది పెదాల సందులోంచి.

డాక్టరమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన అప్పటికే కలమాయ్ నోట్లో వేసుకుని ఉన్నాడు. దవడలు అతుక్కుపోయి, మాట రాక, తల మాత్రం గబగబా ఊపాడు. కోర్డింగ్ నోరు తెరిచింది.