దానయ్య పదకొండు గంటల సినిమా

బ్రహ్మదేవుడు ఈ సృష్టిని ఒక్క టేకులో ముగించాడని పెద్దలంటారు. ఆ పని అండమాన్ హోప్ టౌన్ దానయ్యకు అప్పగించి ఉంటే మనమందరం ఇంకా రిహార్సల్లోనే ఉండేవాళ్ళం. దానయ్య నోట వచ్చే మాటల్లో సగం "ఇంకొక్క టేకు". మిగతా సగం "హెల్మెట్ వంకరగా ఉంది".

వృత్తిరీత్యా ఆయన పెళ్ళి వీడియోలు తీస్తాడు. వీరన్న పెళ్ళిలో వెలుతురు చాలలేదని మూడు ముళ్ళనూ ఐదుసార్లు వేయించాడు. అండమాన్‌లో పదిహేను ముళ్ళ సంసారం అదొక్కటే. ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

ప్రవృత్తిరీత్యా ఆయన అంతరిక్ష దర్శకుడు. 'గగనదళం' అనే విదేశీ సినిమాల వరుసను హిందీ క్యాసెట్లలో చూసి దానయ్య, తమ్ముడు అప్పలరాముడు మతులు పోగొట్టుకున్నారు. ఆ కథకు తమ వంతు భాగం తామూ తీయాలని నిశ్చయించారు. కంపెనీ అనుమతి అడగాలన్న ఆలోచనే రాలేదు. ఊళ్ళో రామాయణం ఆడేవాళ్ళు అయోధ్యకు అర్జీ పెట్టుకుంటున్నారా?

2004 డిసెంబరులో షూటింగ్ మొదలైంది. అప్పలరాముడు కెప్టెన్. ఒంటికి రెయిన్‌కోటు, తలకు చేపలు ప్యాక్ చేసే థర్మకోల్ పెట్టె. నౌక ఎక్కుతూ చెయ్యెత్తి, "కంట్రోల్, మేం ఎల్తన్నాం. రాత్రికి అన్నం ఉంచండి" అంటాడు. తొమ్మిది నిమిషాలు తీశాక అతనికి నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బేలో పని తగిలి ఓడెక్కాడు. మళ్ళీ వారం ఆదివారం పొద్దున సముద్రం ఊళ్ళ మీదకు వచ్చింది.

మామూలు దర్శకుడైతే సినిమా ఆపేస్తాడు. దానయ్య కథ మార్చాడు. కెప్టెన్ నౌక తప్పిపోయింది. కంట్రోల్ రూమువాళ్ళు దాన్ని పిలుస్తూ ఉంటారు. ఇక సినిమా అంతా అదే. సునామీ బాధితుల తాత్కాలిక షెడ్ల రేకులతో కంట్రోల్ రూము లేచింది. మెయిన్‌లాండ్‌లోని పుణ్యాత్ములు ఈ ఉక్కపోత దేశానికి సాయంగా పంపిన ఉన్ని స్వెట్టర్లు రోదసి సైనికుల యూనిఫాములయ్యాయి. ప్రతి ఆదివారం ఊళ్ళో ఎవరో ఒకరు స్వెట్టర్ తొడుక్కుని, పెట్టె నెత్తిన పెట్టుకుని, చెమటలు కక్కుతూ మైకులో పిలిచేవారు. దానయ్య పాత కెమెరా వెనక నిలబడి, "ఇంకొక్క టేకు" అనేవాడు.

హిమబిందుకు ఆ వంతు వచ్చినప్పుడు పద్నాలుగేళ్ళు. వాళ్ళ నాన్న గణపతి కూడా సముద్రం వచ్చిన వారం క్యాంప్‌బెల్ బేలోనే ఉన్నాడు. అప్పటిదాకా ఆ పిల్ల ఏడవలేదు, కంటినిండా నిద్రపోలేదు. దానయ్య ఆమె చేత నలభై మూడు టేకులు చేయించాడు. ఇంత చేతకాని దర్శకుడు భూమ్మీద ఉండడని ఆమె ఆనాడే తేల్చుకుంది.

ఇప్పుడామె పోర్ట్ బ్లెయిర్‌లో లాయరు. గరాచర్మలో రెండు గదుల ఇల్లు. అమ్మ భీమిలిలో మేనమామల దగ్గర ఉంటుంది. సాయంత్రాలు ఆ ఇంట్లో కుక్కర్ తప్ప ఇంకెవరూ పలకరు. హిమబిందు కూడా ఒక్కోసారి దానికి "ఆఁ, వస్తన్నా" అని జవాబిచ్చి, తరువాత సిగ్గుపడేది. అలాంటి ఇంటికి ఒకరోజు దానయ్య ఏడు పేజీల కాగితాలతో వచ్చాడు. కాగితాలకు అప్పటికే లామినేషన్ చేయించాడు.

"చూడు పాపా, గగనదళం కంపెనీవోళ్ళు మన సినిమా చూసినారు. బొంబాయి నుంచి ఉత్తరం రాసినారు."

"ఇది ఉత్తరం కాదు మావయ్యా. లీగల్ నోటీసు."

"అదే. ఏడు పేజీలు. నచ్చకపోతే అంత రాస్తారేటి?"

సంగతేమంటే, దానయ్య ఆ తొమ్మిది నిమిషాలనూ ఇంటర్నెట్‌లో పెట్టాడు. అది పైకెక్కడానికి నాలుగు రోజులు పట్టింది. కింద 'పూర్తి చిత్రం పదకొండు గంటలు, త్వరలో' అని రాశాడు. కంపెనీవారికి కడుపు మండింది. తమ కథ, తమ పేరు, తమ చిహ్నాలు వాడుకున్నందుకు పరిహారం వద్దుగానీ, ప్రతులన్నీ నాశనం చేసి ఆ మేరకు ప్రమాణపత్రం పంపాలన్నారు. ఐదో పేజీలో, తమ కెప్టెన్ విశ్వసంచారానికి బయలుదేరుతూ అన్నం గురించి మాట్లాడటం పాత్ర ప్రతిష్ఠకు భంగమని ప్రత్యేకంగా వాపోయారు.

హిమబిందు చివరి పేజీ చదివి వినిపించింది. దానయ్య ఆ పేజీని బోర్లించి పెట్టాడు.

"రాముడున్నది ఆ ఒక్కదాంట్లోనే పాపా. ఫొటోలు కూడా కొట్టుకుపోయినాయి. ఆడు నడవడం, చెయ్యెత్తడం... నాశనం మత్లబ్, మొత్తం చెరిపెయ్యాలా?"

"నేనుండగా చెరపనివ్వను" అంది హిమబిందు. కుక్కర్‌కు తప్ప మరొకరికి మాటివ్వడం ఆమెకు ఆ ఏడాదిలో అదే మొదలు.

వారం రోజులు చదివి ఆమె ఒక సందు పట్టుకుంది. అభిమానుల కోసం కంపెనీవారే నియమాలు ప్రకటించారు. పావుగంటకు మించకూడదు, అమ్మకూడదు, ఇక ముందు భాగాలుండకూడదు. తొమ్మిది నిమిషాలు హాయిగా బతుకుతాయి. చావాల్సింది పదకొండు గంటల సినిమానే. ఎక్కడో ఒక క్యాసెట్‌లో పద్నాలుగేళ్ళ గొంతొకటి నాన్నను పిలుస్తూ ఉందన్న సంగతి అప్పుడామెకు గుర్తొచ్చింది. చెరిపేలోగా ఒక్కసారి వినాలనిపించింది.

"టేపులు తీసుకురా మావయ్యా."

మొదటిసారి ఫెర్రీ దొరకలేదన్నాడు. రెండోసారి బీరువా తాళం పోయిందన్నాడు. మూడోసారి హిమబిందే చాథం జెట్టీలో ఫెర్రీ ఎక్కి హోప్ టౌన్ వెళ్ళింది. దానయ్య జేబులోంచి తాళం తీసి బీరువా తెరిచి, పక్కకు తిరిగి నిలబడ్డాడు.

బీరువాలో ఒక డబ్బా. డబ్బాలో, తేమ పట్టకుండా పోసిన బియ్యంలో, ఒకే ఒక్క క్యాసెట్.

"మిగతావి?"

"లేవు."

"పాడైపోయాయా?"

"లేనేలేవు పాపా. కెమెరాలో టేపు ఎట్టలేదు."

"ఎప్పుడు?"

"పన్నెండేళ్ళు."

హిమబిందు కుర్చీలో కూలబడింది. "నాచేత నలభై మూడు టేకులు చేయించావు. అన్నీ ఉత్తివేనా?"

"మొదట్రోజు సీతాలు కూకుంది. దాని పెనిమిటి పడవ తిరిగి రాలేదు గదా. మూడు దినాలై మెతుకు ముట్టలేదు. నేను కంగార్లో టేపు ఎట్టడం మరిచిపోయి, అయ్యాక చూసుకుని, ఇంకొక్క టేకు అన్నాను. అది మళ్ళీ పిలిసింది. ఇంకోటి అన్నాను. ఆరు తడవలు పిలిసి, హెల్మెట్ తీసి, అన్నం ఉందా భయ్యా అనడిగింది. టేపు అప్పటికీ చేతిలోనే ఉంది. ఇక ఎట్టబుద్ధి కాలేదు. ఎడితే చూపించమంటారు. పిలవడం వేరు పాపా, పిలిచింది కూకుని చూడ్డం వేరు."

హిమబిందుకు నలభై మూడో టేకు తరువాత ఏం జరిగిందో ఇన్నేళ్ళకు జ్ఞాపకం వచ్చింది. ఆ స్వెట్టర్ల కుప్ప మీదే పడి మర్నాటి దాకా నిద్రపోయింది.

"అయితే పని సులువు" అంది చివరికి. "పదకొండు గంటల సినిమా లేదని ప్రమాణపత్రం మీద సంతకం పెట్టు. ఇంగ్లీషులో ఉంటుంది, ఊళ్ళో ఎవరికీ తెలీదు."

దానయ్య తల అడ్డంగా ఊపాడు. "కంపెనీకి నిజం చెప్పి ఊరికి అబద్ధం చెప్పనా? ముందు మనోళ్ళకి చెప్తా. తంతే తన్నించుకుంటా."

ఆదివారం రేకుల కంట్రోల్ రూములో జనం కూర్చున్నారు. దానయ్య కెమెరా పక్కకు జరిగి, జీవితంలో మొదటిసారి ఒక సంగతిని ఒక్క టేకులో ముగించాడు. "ఇందులో టేపు లేదు. ఎప్పుడూ లేదు. సినిమా లేదు."

ముందు వరసలో సీతాలు పక్కనున్న అచ్చమ్మ వంక చూసింది.

"ఈయనేటి అచ్చమ్మా, ఇప్పుడు చెప్తన్నాడు?"

"నీకు... తెల్సా?" అన్నాడు దానయ్య.

"ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ తీసినోడివి నువ్వే గదా భయ్యా. టేపు తిరిగితే ముందు ఎర్ర లైటు ఎలగాల. పన్నెండేళ్ళలో ఒక్క ఆదోరం ఎలిగిందా? పాపం, సినిమా తీస్తన్నాననుకుని సంబరపడతన్నాడు, చెప్పకండర్రా అని నేనే అందరికీ చెప్పినాను."

"నాకెవరూ చెప్పలేదే" అంది హిమబిందు.

"నీకు హెల్మెట్ పెద్దదైపోయి కళ్ళమీదకి జారిపోయేది గదే" అంది అచ్చమ్మ.

సోమవారం దానయ్య నోటరీ దగ్గర సంతకం పెట్టాడు. కుదర్లేదని ఇంకోటి పెట్టాడు. ఆరు కాగితాలు పాడయ్యాక నోటరీ కలం లాక్కున్నాడు. నెల తిరక్కుండా కంపెనీ రెండు వాక్యాల జవాబు పంపింది. తొమ్మిది నిమిషాలూ ఉండవచ్చు, ప్రతిష్ఠాభంగమైన అన్నంతో సహా. దానయ్య దాన్నీ లామినేషన్ చేయించి నోటీసు పక్కనే తగిలించాడు.

ఇక ముందు భాగాలు తీయకూడదన్న నియమాన్ని హోప్ టౌన్ అక్షరాలా పాటిస్తోంది. ఆదివారాలు అక్కడ ఎవరూ ఏమీ తీయరు. కూర్చుని పిలుస్తారు, అంతే. హిమబిందు ఇప్పుడు ప్రతి వారం ఫెర్రీలో వస్తుంది. సాయంత్రం సీతాలు కట్టిచ్చిన చేపల పులుసు ఒళ్ళో పెట్టుకుని వెళ్తుంది.

జవాబొచ్చిన వారం, ఎవరి వంతని అడిగితే అందరూ దానయ్య వైపు చూశారు. ఇన్నేళ్ళలో ఆయన ఒక్కసారీ ఆ కుర్చీలో కూర్చోలేదు. కెమెరా ఎవరు చూస్తారని గింజుకున్నాడు. హిమబిందు వెళ్ళి కెమెరా వెనక నిలబడింది. సీతాలు ఆయనకు స్వెట్టర్ తొడిగి పెట్టె నెత్తిన బోర్లించింది.

దానయ్య మైకు పట్టుకున్నాడు.

"కంట్రోల్ మాట్లాడతంది. రాముడూ, ఇనబడతందా? అన్నం ఉంచినామురా."

హిమబిందు వెలగని ఎర్ర లైటును ఒకసారి చూసుకుని, ఒక కన్ను మూసి కెమెరాలో తీక్షణంగా పరిశీలించింది.

"బాలేదు మావయ్యా, హెల్మెట్ వంకరగా ఉంది" అంది. "ఇంకొక్క టేకు."