వాగ్దానం కార్డు వచ్చిన ఏడాది

బాధలో ఉన్నవాళ్ళ దగ్గరికి వచ్చి సంతోషంగా ఉండమని చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇప్పటికీ మండుతుంది. ఆసుపత్రి మంచం పక్కన నిలబడి, తెచ్చిన బత్తాయిలు కిటికీలో పెట్టి, పడుకున్న మనిషి ముఖం కూడా సరిగా చూడకుండా, అంతా దేవుని చిత్తమమ్మా, ఆనందించు అని చెప్పి, బస్సుకు టైమైందని వెళ్ళిపోతారు. వాళ్ళు చెప్పిన ఆనందం నాకు నిజంగానే దొరికిందని ఒప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది. తమ మాటే నెగ్గిందనుకుంటారేమోనని వాళ్ళెవరికీ చెప్పలేదు కూడా.

నేను కుప్పంలో టీచర్ని. అమ్మా, చెల్లెలూ పుంగనూరులో ఉంటారు. నాన్న మా చిన్నప్పుడే పోతే, అమ్మ పెద్దపంజాణి చుట్టుపక్కల టమాటా తోటల్లో కూలికి పోయి మా ఇద్దరినీ చదివించింది. చెల్లెలికి పదిహేనో ఏట ఫిట్స్ మొదలయ్యాయి. మదనపల్లె డాక్టరు రాసిన మాత్రలు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకోవాలి. నెలనెలా నేనే కొని, వి.కోటలో ఒక బస్సు, పలమనేరులో ఒక బస్సు మారి ఇంటికి తెచ్చేదాన్ని. అలా తొమ్మిదేళ్ళు తెచ్చాను. ఫిట్స్ దాదాపు ఆగిపోయాయి. నా అంత బాధ్యత గల అక్క చిత్తూరు జిల్లాలో ఇంకొకతె ఉండదని నాకు గట్టి నమ్మకం.

పుంగనూరులో మా సంఘంలో, అంటే మా చర్చిలో, కొత్త సంవత్సరం మొదటి రోజు పొద్దున ఆరాధన అయ్యాక వాగ్దానం కార్డులు తీస్తారు. స్టీలు తాంబాళంలో కార్డులు బోర్లించి పెడతారు. ఒక్కోదాని మీద ఒక్కో బైబిలు వాక్యం అచ్చు వేసి ఉంటుంది. పెద్దవాళ్ళు ముందు, పిల్లలు తర్వాత వరుసగా వెళ్ళి ఒకటి తీసి పాస్టరు అయ్యగారి చేతికిస్తే, ఆయన మైకులో చదువుతాడు. ఆ ఏడాదికి ఆ మనిషితో దేవుడు చెప్పిన మాట అదే. మార్చుకోవడానికి వీల్లేదు. ఒకసారి డెబ్బై దాటిన తాతకు గర్భఫలం గురించిన వాక్యం వచ్చింది. ఆయన భార్య ఆ ఏడాదంతా తలెత్తుకుని తిరగలేకపోయింది. అయినా దాన్ని లామినేషన్ చేయించి గుమ్మం మీద తగిలించుకున్నారు. అందరం అలాగే చేస్తాం.

రెండేళ్ళ కిందట నా చెల్లెలికి స్వస్థత గురించిన వాక్యం వచ్చింది. నీ జబ్బును నేనే తీసేస్తానని దేవుడు చెప్పే మాట. అయ్యగారు చదవగానే అందరూ స్తోత్రం అన్నారు. దాని ఫిట్స్ సంగతి మా సంఘంలో తెలియనివాళ్ళు లేరు. అమ్మ చాప మీద కూలబడి ఏడ్చింది. అబద్ధం ఎందుకు, నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బయట చెప్పులు వేసుకుంటుంటే ఒక పెద్దావిడ చెల్లెలి గడ్డం పట్టుకుని, ఇంక ఆ మాత్రలతో పనేముంది తల్లీ అంది. నేను విని నవ్వాను. దేవుడి మాటను డాక్టరు చీటీలాగా చదువుకునేవాళ్ళు ఉంటారని నాకు తట్టలేదు.

అలాంటివాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. మరుసటి రోజే చెల్లెలు మాత్రలు ఆపేసింది. వాగ్దానం వచ్చాక కూడా మాత్రలు మింగితే దేవుణ్ణి నమ్మనట్టేనని అమ్మతో అంటే, అమ్మ కాదనలేదు. నాకు చెప్పలేదు. చెబితే ఏం చేస్తానో ఇద్దరికీ తెలుసు. జనవరి చివర నేను కొత్త మాత్రలు తెచ్చిస్తే, అమ్మ నోరు మెదపకుండా తీసుకుని లోపల పెట్టింది.

ఫిబ్రవరి చివర్లో ఒక పొద్దున సంగటి గెలుకుతూ చెల్లెలు ఫిట్స్ వచ్చి పొయ్యి మీద పడింది. ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలింది. ఒక ఫిట్స్ తగ్గకముందే ఇంకొకటి వచ్చి, మదనపల్లె చేరేదాకా ఆగలేదట. ఫోను వచ్చేసరికి నేను ఐదో తరగతిలో లెక్కలు చెబుతున్నాను. సాయంత్రానికి ఆసుపత్రి చేరాను. రెండు రోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేమన్నారు. బట్టల కోసం పుంగనూరు ఇంటికి వెళ్తే, బియ్యం డబ్బాలో రెండు నెలల మాత్రలు దొరికాయి. ఒక్కటి కూడా విప్పలేదు.

ఆ డబ్బా అలాగే తెచ్చి ఆసుపత్రి వరండాలో అమ్మ ముందు పెట్టాను. వచ్చేపోయేవాళ్ళందరి ముందు అడగరాని మాటలన్నీ అడిగాను. నువ్వు తల్లివేనా అని కూడా అన్నాను. అమ్మ తల వంచుకుని చెంగుతో ముక్కు తుడుచుకుందే గానీ ఒక్క మాట బదులు చెప్పలేదు. తప్పు చేసింది కాబట్టి మాట్లాడలేకపోతోందనుకున్నాను. ఆ రోజు నుంచి ఆమెతో మాట మానేశాను. భోజనం తెచ్చి పక్కన పెట్టేదాన్ని, అంతే.

అయ్యగారు చూడటానికి వస్తే ఆయన్నూ వదల్లేదు. మాత్రలు మానమని తను ఎన్నడూ చెప్పలేదన్నాడు. నిజమే, చెప్పలేదు. మానొద్దని కూడా ఎన్నడూ చెప్పలేదు కదా అని అడిగాను. దానికాయన, "ఆదివారం నువ్వే లేసి సాక్ష్యం సెప్పమ్మా. నేను సెప్తే ఇంత గట్టిగా రాదు" అన్నాడు. సాక్ష్యమంటే దేవుడు చేసిన మేలు అందరి ముందు చెప్పడం. చెప్పడానికి నా దగ్గర ఏముంది, తిట్లు తప్ప అనుకున్నాను.

మూడో రోజు చెల్లెలికి బాగా తెలివి వచ్చింది. డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుని, మాత్రలు ఎందుకు ఆపావు అని అడిగింది. కార్డు సంగతి చెబుతుందని నేను పళ్ళు కొరుకుతూ చూస్తున్నాను.

"అవి ఏసుకుంటే మత్తుగా ఉంటాది మేడమ్," అంది చెల్లెలు. "పాట సగంలో మాటలు మర్సిపోతా. నవ్వు రాదు, ఏడుపు రాదు. తొమ్మిదేండ్లుగా అట్లే ఉండాది. వాగ్దానం వచ్చినబ్బుడు, ఇంక ఇది అయిపోయిందని ఎంత సంతోషపడినానో."

ఇప్పుడు వేరే మందులున్నాయి, మెల్లగా మారుద్దాం, నన్ను అడగకుండా ఏదీ ఆపొద్దు అని చెప్పి డాక్టరమ్మ చీటీ రాసింది. ఇంత చిన్న పని. తొమ్మిదేళ్ళలో ఒక్కసారి, ఆ మాత్రలు నీకు ఎలా ఉన్నాయే అని నేను అడిగి ఉంటే అప్పుడే అయిపోయేది. ఒకరి తర్వాత ఒకరిని తిట్టుకుంటూ వచ్చిన నాకు చివరికి మిగిలిన మనిషిని నేనే. అది ఇంకా కోపం తెప్పించింది.

ఆ మధ్యాహ్నం కట్టు మార్చడానికి నర్సు వచ్చింది. కాలిన చర్మం మీద నుంచి గుడ్డ లాగుతుంటే చెల్లెలి కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, అయినా సన్నగా గొంతులో ఏదో పాడుకుంటోంది. నర్సు వెళ్ళాక ఇప్పుడు పాటలేమిటని కసిరాను.

"నొప్పిగా ఉండాది. సంతోషంగా గూడా ఉండాది," అంది. "రెండూ ఒకతావ ఉండకూడదా అక్కా? ఆయన నన్ను ఇడిసిపెట్టిండ్లేదు. నాకు తెలుస్తాండాది. నీకు కోపమొస్తే ఆయన్నే పోయి తిట్టు. అమ్మను యాల తిడతావు?"

విసురుగా బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. నిజంగానే తిట్టాను. కూలికి పోయిన మా అమ్మ నడుము గురించి, నాన్న గురించి, దాని పదిహేనో ఏడు గురించి, గుమ్మం మీద వేలాడుతున్న ఆ కార్డు గురించి, దాని కాలిన చెయ్యి గురించి దేవుణ్ణి అడగాల్సినవన్నీ అడిగాను. చిన్నప్పటి నుంచి చేసిన ప్రార్థనలన్నీ బళ్ళో అప్పజెప్పిన పాఠాలే. మొదటిసారి నిజం మాట్లాడాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. అన్నీ అడిగేశాక, ఆయన లేచి వెళ్ళిపోలేదని తెలిసింది. ఎలా తెలిసిందంటే చెప్పలేను. నా ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు రాలేదు. కానీ గుండె నిండింది. అంత దుఃఖంలో, అంత కోపంలో, సిగ్గుపడాల్సినంత సంతోషం వేసింది. ఇలాంటివి ఎవరైనా చెబితే నేను నమ్మను. ఆ తర్వాత రెండేళ్ళుగా అది నన్ను వదిలి పోలేదు. కోపమూ పోలేదు. రెండూ నాలో పక్కపక్కనే ఉన్నాయి.

రెండు వారాలకు చెల్లెల్ని ఇంటికి పంపారు. ఆ ఆదివారం నేను సాక్ష్యానికి లేచాను. ముందుగా స్తోత్రం చెప్పాలన్న సంగతే గుర్తు లేదు. నా చెల్లెల్ని మనమందరం కలిసి దాదాపు చంపేశామన్నాను. ఇంక మాత్రలెందుకన్నవాళ్ళు, ఆ మాట విని నవ్విన నేను, విన్నా విననట్టు ఊరుకున్న అయ్యగారు, ఎవరినీ వదల్లేదు. అది బతికింది, మందు మార్చారు, వేసుకుంటోంది అన్నాను. ఆ మందు కూడా దేవుడిచ్చిందేనని నేను నమ్ముతున్నాను, కాదన్నవాళ్ళు నాతో వచ్చి దాని చెయ్యి చూడండి అన్నాను. నాకు దేవుడి మీద కోపంగా ఉంది, ఆయనలో సంతోషంగానూ ఉంది, ఇంతకు మించి నాకు తెలియదని చెప్పి కూర్చున్నాను.

ఎవరూ స్తోత్రం అనలేదు. అప్పుడు ఆడవాళ్ళ వైపు గోడకు ఆనుకుని కూర్చున్న అమ్మ లేచింది. పుట్టి బుద్ధెరిగి ఆమె సంఘంలో సాక్ష్యం చెప్పడం నేను చూడలేదు.

"నేను గూడా ఆపినాను," అంది. "నా బీపీ మాత్రలు. ఇదొకతే ఆపితే దానికి బయమేస్తాదని, తోడుగా నేను గూడా ఆపినా. ఇంగా మొదులుపెట్టలా."

ఎందుకు చెప్పలేదని లేచి నిలబడి అడిగాను, అంతమంది ముందు.

"నువ్వు నాతో మాట్లాడతాంటే గదా పాపా సెప్పేది," అంది అమ్మ.

నా పక్కన చెల్లెలు నవ్వు ఆపుకోలేకపోయింది. నాకు ఏడుపూ నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. మరుసటి రోజు బడికి సెలవు పెట్టి ఇద్దరినీ మదనపల్లె బస్సెక్కించాను. పుంగనూరు నుంచి మదనపల్లె దాకా అమ్మను తిడుతూనే ఉన్నాను. ఆమె చక్కగా వింటూ కూర్చుంది. ఆసుపత్రిలో నర్సు ఆమె చేతికి పట్టీ చుట్టి బీపీ చూసి, ఇంత ఉండగా ఎట్లా తిరుగుతున్నావమ్మా అని అడిగింది. నేను అమ్మ రెండో చెయ్యి పట్టుకుని, ఆ మాటకు ఆమెను ఇంకోసారి తిట్టాను.