పెద్దమ్మ అడిగిన ప్రశ్నలు

విశ్వవిద్యాలయంలో నాది తెలుగు శాఖ. పక్క గదిలో ఆయనది చరిత్ర శాఖ. శాసనమో కాగితమో లేకపోతే నేను సేకరించే పల్లెపాటను ఆధారంగా ఒప్పుకోనని ఆయన అనేవారు. పాడే మనిషి ఎదురుగా ఉంటే ఇంకేం ఆధారం కావాలని నేననేదాన్ని. నాలుగేళ్లుగా మాకు ఇంతకు మించిన పరిచయం లేదు. శాఖలు కలిసి పనిచేయాలన్న నిర్ణయం వచ్చి, మా ఇద్దరినీ కలిపి ‘తిండి, భాష, చరిత్ర’ అనే కోర్సు చెప్పమన్నారు.

క్లాసులో మొదటి అరగంట ఆయన చెప్పింది తర్వాతి అరగంట నేను కాదనేదాన్ని. పరీక్షలో ఏది రాయాలని విద్యార్థులు అడిగారు. పేపరు ఎవరు దిద్దుతారో కనుక్కుని రాయమన్నారాయన.

జొన్నల గురించి పాఠం చెబుతూ జొన్నచేను చూపించకపోతే బాగుండదని పిల్లలతో జహీరాబాద్ బస్సెక్కాం. అక్కడి నుంచి షేర్ ఆటోల్లో ఝరాసంగం దగ్గర మా పెద్దమ్మ ఊరికి వెళ్లాం. ముందురోజే ఆమెకు ఫోన్ చేశాను. “మా దగ్గర పనిచేసే సారొకాయన వస్తున్నడు పెద్దమ్మా, నీతోటి మాట్లాడాల్నట” అన్నాను. అప్పటికి నాకు నలభై దాటాయి, పెళ్లి కాలేదు. ఆ మాట ఆమెకు ఎలా వినిపిస్తుందో ఆలోచించలేదు.

పెద్దమ్మ కొత్త చీర కట్టుకుని కూర్చుంది. పిల్లలు ఫోన్లలో రికార్డింగ్ పెట్టారు.

“మీ చిన్నప్పుడు ఏమేం పండించేవాళ్లమ్మా?” అని ఆయన మొదలుపెట్టారు.

“అది తర్వాత చెప్త. నీకు భూమెంతుంది సారూ?”

“భూమి లేదమ్మా.”

“మంచిదే, పంచుకునే లొల్లి లేదు. ఇంట్ల ఎవరెవరున్నరు?”

“ఎవరూ లేరమ్మా. నా భార్య పోయింది” అన్నారు.

“అయ్యో! ఎట్లయింది బిడ్డా?”

ఆయన చెప్పారు. జబ్బు, దవాఖానల చుట్టూ తిరగడం, తర్వాత తాళం తీసి ఖాళీ ఇంట్లోకి వెళ్లలేక చీకటి పడేదాకా ఆఫీసులోనే కూర్చోవడం. ఆయన చదువుకోవడానికి కూర్చుంటారని మేమంతా గౌరవించేవాళ్లం. ఒక అమ్మాయి ఎవరూ చెప్పకుండానే రికార్డింగ్ ఆపేసింది.

పెద్దమ్మ ఆయన పళ్లెంలో వేడి జొన్నరొట్టె వేసింది. “తిను. మా పిల్లకు వంట అంతంత మాత్రమే. ముందుగాల్నే చెప్తున్న, తర్వాత నన్ననొద్దు.”

సంగతి నాకప్పుడు అర్థమైంది. “పెద్దమ్మా, మేం కోర్సు కోసం వచ్చినం!”

“కోర్సు గూడ చేసుకోన్రి. ఎవరొద్దన్నరు?”

పిల్లలు నవ్వారు. ఆయన నవ్వలేదు, ఇంకో రొట్టె అడిగారు.

తిరుగు బస్సులో ఆయన నా పక్క సీట్లో కూర్చున్నారు. బస్సు సంగారెడ్డి దాటింది. తర్వాత, “మీకు వంట నిజంగానే రాదా?” అని అడిగారు.

“రాదు.”

“నాకు వచ్చు” అన్నారు.

మరుసటి ఏడాది రిజిస్ట్రార్ ఆఫీసులో మా పెళ్లయింది. జొన్నకోతలప్పుడు ముహూర్తం పెట్టుకున్నందుకు పెద్దమ్మ ఫోన్లో ఇద్దరినీ తిట్టింది. కోతలయ్యాక జొన్నపిండి సంచితో వచ్చి, వారం రోజులుండి ఆయనకు రొట్టె చేయడం నేర్పి వెళ్లింది.