తండ్రి నోట రాని మాట

నేను అక్షరాలు నేర్చుకున్నది ముసలితనంలో. ఆ కొత్తలో కనబడిందల్లా పైకి చదివేదాన్ని. ఒకసారి నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సెక్కి, డ్రైవరు వెనక అంటించిన కాగితాన్ని కూడబలుక్కుంటూ చదివాను: "ఎయిడ్స్ రాకుండా నిరోధ్ వాడండి." బస్సంతా నవ్వింది.

నా పక్కన కూర్చున్నాయన మాత్రం నవ్వలేదు. ముందు సీట్లోని కొడుకును చూపించి గుసగుసగా అన్నాడు. "అవ్వా, మావాడు రేపు బొంబాయి లారీకి క్లీనరుగా పోతాండాడు. ఆ సంగతి వానికి చెప్పల్ల. తండ్రిని, నాకు నోరు రాలా. మనవనికి చెప్పినట్టు నువ్వు చెప్పు."

అవ్వకూ మనవడికీ మధ్య సిగ్గేముంది? లేచిపోయి వాడి పక్కన కూర్చున్నాను.

"రేయ్ మనవడా, ఆడదాని దగ్గరికి పోతే నిరోధ్ తొడుక్కోవల్ల. లేకుంటే ఎయిడ్స్ అంటుకోవచ్చు. దాన్ని నయం చేసే మందు లేదు."

"నీకెట్లా తెలుసవ్వా?"

"రాత్రిబడికొచ్చిన నర్సమ్మ చెప్పిందిలే. ఐదుగురిని కన్నదాన్ని, నాకు సిగ్గేందిరా!"

వాడు పకపకా నవ్వాడు. కాసేపటికి అడిగాడు. "ఒక్కసారికే అంటుకుంటాదా?"

"అంటుకోవచ్చు. మొగం జూస్తే ఎవరికుందో తెలీదు."

వాడి నవ్వు ఆగిపోయింది. "మా చిన్నాయన పోయింది దీంతోనేనా?"

అది నాకేం తెలుసు? వెనక్కి చూశాను. తండ్రి తల వంచుకుని ఉన్నాడు.

"ఊ" అన్నాడు. "వాడు లారీ ఎక్కిన నాడు గూడా నాకు నోరు రాలా."

కొడుకు లేచి వెళ్లి తండ్రి పక్కన కూర్చున్నాడు.

"అవి యాడ దొరుకుతాయి నాయనా?"

ఈసారి ఆయన నా వైపు చూడలేదు. "ఆస్పత్రిలో ఉత్తగనే ఇస్తారు. దిగినాక ఇద్దరం పోదాం పా."